లోహిత్‌కు తొడిగిన కోటు

పుంగనూరులో రామచంద్ర బట్టల కొట్టుకు వచ్చేవాళ్ళందరికీ ఆయన కొడుకు లోహిత్ బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఇంజనీరని తెలుసు. అదే కొట్టు ముందు నుంచి లోహిత్ రోజూ చౌడేపల్లెకు షేర్ ఆటో తోలేవాడు. ఆటో చప్పుడు వినపడగానే రామచంద్రకు వెనక అరలోంచి ఏదో ఒక గుడ్డ తాను దించాల్సిన పని పడేది. ఇంజనీరింగ్ మధ్యలో మానేసిన కొడుకును దాచాలంటే తండ్రికి ఆ మాత్రం వ్యాయామం తప్పదు.

ఆ లోహిత్ ఇరవై నాలుగేళ్ళకే డెంగీ జ్వరంతో పోయాడు.

మదనపల్లె నుంచి మేనమామ గోవిందరాజులు అందరికంటే ముందు వచ్చి, అందరికంటే ముందు ఏడుపు ముగించి, పెద్దకర్మ ఫ్లెక్సీ పని భుజాన వేసుకున్నాడు. ఆయన కూతురు నందినికి కుప్పం సంబంధం కుదిరేలా ఉంది. పెళ్ళికొడుకు తండ్రి చెంగల్రాయుడు పెద్దకర్మకు వస్తానని కబురు పెట్టాడు. సంబంధం ఖాయం కాకముందు వచ్చే పరామర్శ అంటే చుట్టాల స్థాయి తనిఖీ చేయడమే. ఇలాంటప్పుడు ఆటో తోలే మేనల్లుడు పోయినా ఇబ్బందే.

"ఈ ఫొటో పెట్టించురా రాజులూ," అని లోహిత్ తల్లి సుభద్రమ్మ సెల్లు చూపించింది. ఖాకీ చొక్కా, రేగిన జుట్టు. ఆటో హ్యాండిల్ మీద మోచేతులు ఆనించి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు లోహిత్.

"సచ్చిపోయినోడు ఇట్ల ఇకిలిస్తాంటే జనం ఏమనుకుంటారక్కా?"

"బతికినన్నాళ్ళూ ఇట్లనే కదరా ఉండింది! వాని ఆటో ఎక్కినోళ్ళు పల్లెల్నించి వస్తారంట. వాళ్ళకు ఇల్లు తెలీదు. మొగం సూసి గుర్తుపట్టల్ల గదా. నాకింకేం వద్దు, నా బిడ్డ నా బిడ్డ మాదిరి ఉంటే సాలు."

"నువ్వు గమ్మునుండక్కా. బావా, నువ్వు సెప్పు."

"నీకు తెలిసినట్టు చెయ్యప్పా," అన్నాడు రామచంద్ర. ఆయన జీవితంలోని నిర్ణయాలన్నీ ఈ మాటతోనే జరిగాయి.

మదనపల్లెలో ఫ్లెక్సీలు చేసే ప్రతాప్ కంప్యూటర్లో ఒక నల్ల కోటు ఉంది. అతని దగ్గరికి వచ్చిన చనిపోయిన మగవాళ్ళందరికీ అదే కోటు. టమోటా మండీ ఏజెంటునూ, రిటైరైన కండక్టరునూ, లుంగీ తప్ప మరొకటి ఎరగని పెద్దమనుషులనూ అతను ఆ కోటులోనే పైకి పంపాడు. లోహిత్ తలను ఇంటర్ హాల్ టికెట్టు నుంచి కత్తిరించి కోటు మీద పెట్టాడు. మీసం దిద్దాడు. మొహం తెల్లగా చేశాడు. అది ఎవరూ అడక్కుండా చేసిన మర్యాద. కింద 'సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, బెంగళూరు' అని వేశాడు. దాని కింద శోకతప్త బంధువుల ఫొటోలు. గోవిందరాజులు ఫొటో లోహిత్ ఫొటో కంటే కాస్త చిన్నది. ఆయన సంతాపం అంతవరకు వెళ్ళింది.

పెద్దకర్మనాడు వాకిట్లో ఫ్లెక్సీ కట్టారు.

"ఎవుర్రా ఈయప్ప?" అంది సుభద్రమ్మ.

"మన లోహితే అక్కా. బాగుండాడు కదా?"

"కోటు బాగుండాది."

చెంగల్రాయుడు కుప్పం నుంచి కారులో వచ్చాడు. ముందు మేడను చూశాడు, తర్వాత ఫ్లెక్సీని చూశాడు, ఆ తర్వాత దుఃఖపడ్డాడు.

"ఏ కంపెనీప్పా?"

"పెద్ద కంపెనీనప్పా. పేరు మనకు నోరు తిరగదు," అన్నాడు గోవిందరాజులు.

భోజనాలు మొదలయ్యాయి. సుభద్రమ్మ మాత్రం పొద్దుటి నుంచి కిటికీ దగ్గరే కూర్చుని వీధిలోకి చూస్తోంది. చివరికి ముగ్గురు ఆడవాళ్ళు పూలదండ పట్టుకొని వచ్చి ఫ్లెక్సీ ముందు ఆగారు. సంతకు కూరగాయలు తెచ్చే చౌడేపల్లె వాళ్ళు.

"ఇదేనేమో వెంకటమ్మత్తా. లోహిత్ అనే రాసుండాది."

"ఊర్లో ఒక్కడే లోహిత్ ఉంటాడామ్మే? ఈయప్పెవురో ఆఫీసరు, కోటు సూడు. మనోడు ఆటో గదా. పదండి, ముందర వీధిలో అడుగుదాం."

దండ పట్టుకొని వెళ్ళిపోయారు.

సుభద్రమ్మ వాకిట్లోకి వచ్చి ఫ్లెక్సీ తాళ్ళు విప్పసాగింది. ఒక ముడి ఊడి రాకపోతే వంటవాళ్ళ కత్తి తెచ్చి కోసింది.

"అక్కా, ఏం జేస్తాండావు? లోపల సంబంధమోళ్ళు ఉండారు!"

"వీడు నా కొడుకు కాదు! నా కొడుకు ఆటో తోలినాడు!"

ఆ మాట పంక్తి చివరి దాకా వెళ్ళింది. రసం గరిటె గాలిలో ఆగిపోయింది. రామచంద్ర వెనక అర కోసం అటూ ఇటూ చూశాడు. ఇంట్లో ఆ సౌకర్యం లేదు.

చెంగల్రాయుడు చెయ్యి ఆకు మీద ఆపి ఆలోచించాడు. "ఆటోనా? సొంతమా, బాడుగదా?"

"సొంతమే," అన్నాడు రామచంద్ర. కొడుకు గురించి ఆయన నలుగురిలో చెప్పిన మొదటి నిజం అది.

చెంగల్రాయుడు తృప్తిపడి ఇంకో వడ అడిగాడు.

అప్పటికే సుభద్రమ్మ చెప్పుల్లేకుండా వీధి మలుపు దాకా పరుగెత్తింది. "ఏమ్మా! చౌడేపల్లోళ్ళూ! ఈడే, లోహిత్ ఇల్లు ఈడే!"

కుర్చీలన్నీ శోకతప్త బంధువులు ఆక్రమించి ఉన్నారు. సుభద్రమ్మ ఫ్లెక్సీని బోర్లా పరిచి ఆ ముగ్గురినీ కూర్చోబెట్టింది. సెల్లులో ఫొటో చూపించింది.

"ఆ, వీడే! ఈ పండ్లు సూడు!" అంది వెంకటమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "దోవ పొడుగునా పాడతానే ఉండేవాడమ్మా. పాట బాగుండాదంటే బాడుగొద్దనేవాడు."

"అట్ల అన్నారా మీరెప్పుడైనా?"

"యాడమ్మా! అంత అబద్ధం సెప్పలేక బాడుగే ఇచ్చినాము."

సుభద్రమ్మ పైకే నవ్వేసింది. గోవిందరాజులు ఒంగి చెవిలో, "అక్కా, జనం సూస్తాండారు," అన్నాడు.

"నువ్వు గమ్మునుండు రాజులూ. వెంకటమ్మా, ఏం పాట పాడేవాడు?"

వెంకటమ్మ గొంతు సవరించుకుని, లోహిత్ ఎక్కడెక్కడ శ్రుతి తప్పేవాడో అక్కడల్లా తప్పుతూ, మొదటి నుంచి పాడింది.