నడుముకు అతుకు

వాకిలి ఊడుస్తుంటే ఎడమకాలు నాది కానట్లు మొద్దుబారి, చీపురు పట్టుకొనే కూలబడ్డ. "పని అనంగనే దీనికి రోగం లేస్తది," అన్నడు మా ఆయన కాటమయ్య. గట్ల అనంగ అనంగ, నిజంగనే నటిస్తున్ననా అని నాకే అనుమానమొచ్చేది. నలుగురిని కని, కాన్పు కాన్పుకు నెల తిరగకముందే బాయి నీళ్లు మోసిన నడుము నాది. రెండేండ్లు కాపడాలు, మంత్రాలు అయినయి. కాలు ఈడ్చుకుంట నడుస్తుంటే నలుగురు అడుగుతున్నరని, పందొమ్మిదొందల అరవై మూడుల, మోత్కూరుల బస్సెక్కించి పట్నం దవాఖానకు తీస్కపోయిండు.

డాక్టరు సాబ్ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూపిండు. "చూడమ్మా అండాలూ, ఈ ఎముక కింది ఎముక మీది నుంచి ముందుకు జారింది. నరం నలుగుతాంది. తుంటిల ఎముక ముక్క తీసి రెండిటిని అతుకుతం." ఏండ్ల సంది ఎవరూ నమ్మని నా నొప్పి గంత స్పష్టంగ కనబడేసరికి అక్కడనే ఏడ్చిన. భయంతోని కాదు.

ఆపరేషన్ అయినంక రొమ్ము కింది నుంచి తుంటి దాక పిండికట్టు. నాలుగు నెలలు పండుకున్న. నడుముకంటె తుంటి కోతనే ఎక్కువ సలిపింది. నర్సు పుష్పమ్మ నీళ్లు నోటికందిస్తే సిగ్గయ్యేది. పెండ్లయినంక నాకు నీళ్లిచ్చిన మొదటి మనిషి ఆమెనే.

కట్టు కోసిన్రు. కాలు గుంజుడు పోయింది, నడుము మాత్రం కట్టె లెక్క బిగుసుకపోయింది.

"ఎముక మంచిగ అతికింది. నడువు, వండుకో. బరువు మాత్రం ఎన్నడూ లేపద్దు," అన్నడు డాక్టరు.

"ఎన్నడూ అంటే ఎన్ని నెలలు సార్?" అనడిగిండు మా ఆయన.

తిరిగొచ్చేటప్పుడు బస్సుల మెల్లగ అన్నడు: "గా ముచ్చట అమ్మకు చెప్పకు. మొత్తం నయమైందందాం."

మూడో దినం బాయి కాడ మా అత్త ఉప్పలమ్మ నిండు బిందె చూపించి "ఎత్తుకో" అన్నది.

"ఎత్తద్దన్నడు అత్తా. ఎన్నడూ ఎత్తద్దన్నడు."

తిడుతదనుకున్న. ఆమె బిందె దిక్కే చూసుకుంట నిలబడ్డది. "నాకు గూడ గిట్లనే కాలు తిమ్మిరెక్కేది. మీ మామ నకరాలనేటోడు," అని బిందె అంచు తానే పట్టుకున్నది. పదిహేనేండ్ల సంది ఆమె రెండుగ వంగి నడుస్తుంటే చూస్తున్న. ముసలితనమనుకున్న. ఒక్కనాడన్న అడగలే.

నేను వంగలేను. ఆమె భుజం పట్టి ఆపిన. "నువ్వు గూడ ఎత్తకు," అన్న.

బిందె అక్కడనే ఇడిసి ఇద్దరం ఉత్త చేతులతోని ఇంటికొచ్చినం. అరుగు మీద కూసున్న కాటమయ్య మమ్ముల ఎగాదిగ చూసిండు.

"నీళ్లేవి?"

నేను నోరు తెరవకముందే అత్త అన్నది: "బాయి కాడున్నయిరా. పోయి తెచ్చుకో."