ఊడిన కొస

మా ల్యాబ్‌లో నేను టెక్నీషియన్ని. టోపలాజికల్ సెమీమెటల్ అనే ఒక వింత పదార్థపు నూకంత స్ఫటికాన్ని, లాగే యంత్రానికి రెండు కొసలా జిగురుతో అతికించి, మెల్లగా సాగదీస్తూ, అందులో కరెంటు ఎలా పారుతుందో కొలుస్తాం. మూడు వారాలుగా కంప్యూటర్‌లో గీత తెగ మెలికలు తిరుగుతోంది. మా ప్రొఫెసర్‌గారి కాళ్లు నేలమీద నిలవడం లేదు. లాగుడు వల్లే ఎలక్ట్రాన్లు దారి మార్చుకుంటున్నాయని పదిహేడు పేజీల వ్యాసం రాసేశారు. వాళ్ల అత్తగారికి ఫోన్ చేసి ఆ గీతను వర్ణించి మరీ చెప్పారు.

ఇవాళ యంత్రం మూత తీసి చూస్తే స్ఫటికం ఒక కొస జిగురు నుంచి ఊడిపోయి ఉంది; కరెంటు తీగలు మాత్రం అలాగే ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. జిగురు ఆరడానికి రెండు రోజులు ఆగుదామంటే వినలేదు ఈ పెద్దమనిషి.

"సార్, ఇన్నాళ్లూ మనం లాగింది ఉత్త గాలిని. ఏసీ ఆగి గది వేడెక్కినప్పుడల్లా గీత కదిలింది, అంతే."

ఆయన కళ్లజోడు తుడుచుకుని చాలాసేపు లోపలికి చూశారు. నాకు కాస్త జాలి కూడా వేసింది.

"అంటే, లాగకపోయినా మారుతోందన్నమాట," అన్నారు నెమ్మదిగా. "ఇది ఇంకా పెద్ద విషయం అమ్మా. ఆ రెండో కొస కూడా ఊడదీసెయ్."