ఏడో మనిషి

మార్చి తొలి మంగళవారం. వెర్మాంట్ రాష్ట్రంలోని స్టోన్‌ఫీల్డ్ ఊరంతా టౌన్ హాల్లో చేరింది. ఏడాదికోసారి ఊరి బడ్జెట్ మీద ఊరే నోటితో ఓటేసే రోజది. కొరిన్ థిబోకి పద్దెనిమిది నిండి మూడు వారాలు. ఇదే మొదటి ఓటు, అదీ నాన్న ప్రాణం మీదికొచ్చిన ఓటు.

వచ్చే చలికాలం నుంచి కొండమీది క్వారీ రోడ్డులో మంచు తీయడం మానేద్దామని దిగువూరి వెర్నన్ స్ప్రేగ్ సవరణ పెట్టాడు. ఖర్చు దండగట! మంచు తీయకపోతే ఆక్సిజన్ సిలిండర్ల బండి కొండెక్కదు. కొరిన్ నాన్న ఊపిరి ఆ సిలిండర్ల మీదే నడుస్తోంది. అది తెలిసీ పెట్టాడు, సిగ్గులేని మనిషి.

సభ నడిపే రాయిస్ పెల్కీ వేదికమీద సుత్తి కొట్టాడు.

"సవరణకి సరేననేవాళ్లు అవును అనండి."

అతని కుడిచేతి వైపు దిగువూరు అరిచింది.

"కాదనేవాళ్లు?"

ఎడమచేతి వైపు, తలుపు పక్క చలిగాలిలో కూర్చునే కొండవాళ్లు గొంతు చించుకున్నారు.

"అవుననేవాళ్లదే గెలుపు."

కొండవాళ్లు ఎప్పట్లాగే నిట్టూర్చి మఫ్లర్లు సర్దుకున్నారు. కొరిన్‌కి ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడింది.

"అధ్యక్షా! ఒప్పుకోను. చీటీలు పంచండి."

"కూర్చోవే తల్లీ!" అమ్మ డార్లీన్ చెయ్యి పట్టి లాగింది. బళ్లో వంట చేసే డార్లీన్ ఉద్యోగం ఈ పెద్దమనుషుల చేతుల్లోనే ఉంది.

రాయిస్ నవ్వాడు. "చూడమ్మాయ్, ఇరవయ్యారేళ్లుగా ఈ చెవులతోనే తీర్పు చెబుతున్నా."

"ఏడుగురు ఓటర్లు అడిగితే చీటీల ఓటు పెట్టి తీరాలి. మా గవర్నమెంటు పుస్తకంలో ఉంది."

ఆ పుస్తకంలో ప్రెసిడెంటుకి, కాంగ్రెస్‌కి, కోర్టులకి కలిపి మూడొందల పేజీలు. ఊరి సభకి చివర్లో రెండంటే రెండే. పరీక్షలో రావని క్లాసులో ఎవరూ వాటి ముఖం చూడలేదు. కొరిన్ మాత్రం వారం రోజులుగా వాటినే నమిలింది.

"సరే, ఏరీ ఆ ఏడుగురు?"

కొండవాళ్లలో ముగ్గురు లేచారు. కాసేపటికి ఒక ముసలి జంట లేచింది. కొరిన్‌తో కలిపి ఆరుగురు. మిగతావాళ్లు నేలచూపులు చూస్తున్నారు. అమ్మ కూడా.

"ఆరే!" అన్నాడు వెర్నన్. "బళ్లో లెక్కలు చెప్పరా పిల్లా?"

"రాయిస్ గారూ, మీకు ఎడమ చెవి వినపడదు!" కొరిన్ అరిచేసింది. "మేమంతా అటువైపే కూర్చుంటాం. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఒక్కళ్లూ నోరు విప్పరు!"

రాయిస్ ముఖం కందగడ్డయింది.

మధ్యాహ్నం భోజనాలకి ఆపిల్ పైలు కోస్తున్న అతని భార్య లొరెయిన్, కత్తి చేత్తో పట్టుకునే వంటగదిలోంచి వచ్చింది.

"నా ఓటు వెర్నన్‌కే. అయినా ఏడోదాన్ని నేను. డాక్టరుకి చూపించుకోవయ్యా మగడా అని ఇరవై ఏళ్లుగా మొత్తుకుంటున్నా. వింటేగా!"

హాలు గొల్లుమంది. చీటీలు పంచక తప్పలేదు.

అవును, యాభై ఎనిమిది. కాదు, అరవై ఏడు.

కొండవాళ్లు ఒకళ్లనొకళ్లు కావలించుకున్నారు. కొరిన్ ఏడ్చేసింది. డార్లీన్ మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"తొమ్మిది ఓట్లు మనవే ఎక్కువ," అంది మెల్లగా. "మరి నిరుడు మన వంతెన? అంతకుముందు వీధిదీపాలు? అప్పుడు మనం ఓడిపోయామా, ఓడించారా?"

"ఏమోనమ్మా. ఎవరూ లెక్కపెట్టలేదుగా."

రాయిస్ చెమట తుడుచుకుని తరవాతి అంశం చదివాడు. "అవుననేవాళ్లు..."

కొరిన్ లేవబోయింది. డార్లీన్ ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"నువ్వుండవే," అని తనే లేచింది. "అధ్యక్షా! చీటీలు."

ఆమె వెనక కొండవాళ్లంతా కుర్చీలు వెనక్కి తోసి లేచి నిలబడ్డారు.