నిలువు దోపిడిలో పోయిన నంబరు రేకు

తప్పు నాదే. ఈ మాట నా నోటి నుంచి రావడానికి పదకొండు రోజులు పట్టింది, మళ్ళీ మళ్ళీ చెప్పించకండి.

మా ఆయన ఢిల్లీబాబు ముప్పై ఏళ్ళు ఆర్టీసీ బస్సు తోలాడు. రిటైరయ్యాక, పాకాలలో ఎవరిదో కొట్టంలో కోళ్ళు గుడ్లు పెట్టుకుంటున్న అరవైనాలుగు నాటి ఫియట్ కారు కొనుక్కొచ్చి, మూడేళ్ళు దాని కిందే పడుకున్నాడు. కారు లేచి కూర్చునే వేళకి ఆయన కళ్ళు మసకేశాయి. ఆపరేషన్ రోజు నేను కొండవైపు తిరిగి దండం పెట్టాను. "సామీ, ఈయనకు సూపొస్తే నిలువు దోపిడి ఇప్పిస్తా!" అంటే, ఆ క్షణాన ఒంటి మీద ఏముంటే అది హుండీలో వేసేయడమే.

చూపొచ్చింది. హుండీ ముందు ఆయన ఉంగరం, గొలుసు, వాచీ తీసి వేశాడు. అక్కడితో ఊరుకున్నానా?

"నిలువు దోపిడంటే నిలువునా ఇయ్యాలయ్యా. జేబులో ఏం దాస్తాండావు?" అని చెయ్యి పెట్టి, రుమాలులో చుట్టిన పొట్లం లాగి, విప్పకుండానే హుండీలో వేసేశాను. ఆయన రెండు చేతులూ హుండీకి ఆనించి లోపలికి తొంగి చూశాడు. భక్తి అనుకున్నాను, నా బుద్ధికి.

అది కారు నంబరు రేకు. ముందు తగిలించే నంబరు ప్లేటు కాదు, తయారైనప్పుడే కంపెనీ వాళ్ళు అంకెలు గుద్ది బిగించినది. కింద చాసిస్ చట్రం మీది అంకెలు తుప్పుకు ఎప్పుడో రాలిపోయాయి. ఇక మిగిలిన ఆధారం అదొక్కటే, అందుకే పోతుందేమోనని ఊడదీసి జేబులోనే పెట్టుకు తిరిగేవాడు.

రిజిస్ట్రేషన్ కోసం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రూపేష్ ఇంటికొచ్చాడు. రేకు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు పడతాయి. ఆ ముద్ర లేనిదే ఫైలు లేదు.

"రేకు యాడమ్మా?"

"హుండీలో ఉండాది సార్."

రూపేష్ పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. "హుండీలో పడిందంటే అది సామిదే. బండికి గుర్తింపు ఆ రేకే. రేకు సామిదైతే, బండి ఎవురిది?"

"మాది!"

"అది మీరు అనేది. తనకు అభ్యంతరం లేదని సామి నుంచి ఒక కాగితం తెండి."

"సామి సంతకం పెడతాడా అబ్బా?"

"పెట్టడు. అందుకే ఫైలు కదలదు. అంతవరకూ బండి రోడ్డెక్కితే పట్టుకోవాల్సొస్తాది."

తిరుపతికి పరిగెత్తాను. దేవస్థానం ఆఫీసు కౌంటరులో కోమలి అనే పిల్ల అంతా ఓపిగ్గా వినింది. "మొక్కు తీరినాదా అమ్మా?"

"తీరినాది."

"మరి ఇచ్చింది మీరు ఎనక్కి అడిగితే, సామి ఇచ్చింది సామి ఎనక్కి అడగడా?"

తిరుగు బస్సెక్కాను.

మా ఆయన నన్ను తిట్టినా బాగుండేది. రోజూ పొద్దున మా మామిడితోటలో చెట్ల వరసల మధ్య కారు తోలుకుంటూ గేటు దాకా వస్తాడు. రోడ్డు మీద పోయే బస్సుకు హారన్ కొడతాడు. మళ్ళీ రివర్సు.

"పోనీలే ప్రసన్నా. నువ్వు కండ్లు అడిగినావు, ఇచ్చినాడు. రోడ్డు కనపడతాండాది గదా, సాలు," అన్నాడు.

మొక్కింది నేను, దోపిడి ఆయనకా? నా కమ్మలు నా చెవులకే ఉన్నాయి, గాజులు చేతులకే ఉన్నాయి. సిగ్గేసింది నాకు, అమ్మతోడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చిపోయిన పన్నెండో రోజు పొద్దున పెట్టెలో ఉన్న నగలన్నీ వేసుకున్నాను. పెళ్ళినాటి వడ్డాణం ఊపిరాడనివ్వలేదు, అయినా బిగించాను. అమ్మవారి ఊరేగింపులా వెళ్ళి కారులో కూర్చున్నాను.

"పద కొండకు. ఈ తూరి దోపిడి నాది."

"రోడ్డెక్కితే పట్టుకుంటారే!"

"పట్టుకోనీ. ఈ బండి సామిదని వాళ్ళే గదా తేల్చినారు. సామి బండి సామి కాడికి పోతాండాది. ఆపేవాడు ఆయన్నుంచే కాగితం తెచ్చుకోని ఆపమను!"

ఆయన నన్ను చూశాడు, గేటును చూశాడు. దిగి గేటు తీసి వచ్చి మొదటి గేరు వేశాడు. తిరుపతి రోడ్డు మీద రెండు మైళ్ళు పోయాక చూస్తే, ఆయన బుగ్గల మీదుగా నీళ్ళు కారిపోతున్నాయి.

"కండ్లు తుడుసుకోవయ్యా, రోడ్డు సూడు!" అని కసిరాను.