పక్కింటి మెట్లు

ఊరినుంచి అప్పుడే తిరిగొచ్చిన బోజెనా కుచెరా సూట్‌కేసు కింద పెట్టి, తాళంచెవి చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. తాళంచెవి ఉంది గాని తాళం లేదు. తలుపు ఉండవలసిన చోట నిలువెత్తు ప్లైవుడ్ పలక, దాని చుట్టూ జానెడేసి దూరంలో మెరుస్తున్న కొత్త మరలు ఉన్నాయి.

ఉక్కు కర్మాగారపు ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్లు నమూనాలు పరీక్షించిన మనిషి కనుక, ఏదైనా వింత ఎదురైతే మొదట తన కన్నునే అనుమానించడం ఆమెకు అలవాటు. నాలుగడుగులు వెనక్కి వేసింది. బాల్టిమోర్‌లో ఆ వీధి ఇళ్లన్నీ భుజం భుజం ఆనించి నిలబడ్డ ఒకే పోలిక ఇళ్లు; పొరబడడం సులభం. కాని పలకకు పైన ఉన్న ఇత్తడి అంకెలు తనవే. కిటికీ జాలీ మీద హంసలూ కొలనూ ఉన్న బొమ్మ తన భర్త వేసిందే. పలకకు పక్కన, ఇటుక మీద, ఎర్రటి రేకు. దాని మీద తెల్లటి అడ్డగీతలు రెండు.

ఆ గుర్తు అర్థం ఆ ఊరిలో అందరికీ తెలుసు. ఈ ఇంట్లో మనుషులు లేరు. నిప్పంటుకున్నా లోపలికి వెళ్లి ప్రాణాలమీదికి తెచ్చుకోవద్దని అగ్నిమాపక దళానికి చెప్పే గుర్తు అది.

బోజెనా ఆ రేకును వేలితో తాకింది. చల్లగా ఉంది. సూట్‌కేసు మీద కూర్చుండిపోయింది.

"ఏమే బోజీ! వీధిలో కూలబడ్డావేంటే?" ఎదురింటి వాండా రోడ్డు దాటి వస్తూనే ఆ పలక చూసి నోరు తెరిచేసింది. ఆమె చేతులకు ఇంకా పిండి అంటుకుని ఉంది. బుధవారాలు చర్చి వంటగదిలో అమ్మకానికి పిరోగీ కుడుములు చుట్టడం ఆమె పని. "యేసు ప్రభూ! పొద్దున్న నేను వెళ్లేటప్పుడు ఇది లేదే!"

"నేను చచ్చిపోయానని ఎవరైనా చెప్పారా?"

"చస్తే ముందు నాకే కదే చెప్పేదానివి," అంది వాండా. నవ్వించబోయి, బోజెనా చేయి పట్టుకుని లాగింది. "లే, లే. మా ఇంటి నుంచి ఫోన్ చేద్దాం. వాళ్ల అమ్మకడుపు కాల... మనిషున్న ఇంటికి మేకులేస్తారా?"

"మేకులు కాదు. మరలు," అంది బోజెనా, ఎక్కడో చూస్తూ.

నగరపాలక సంస్థ నుంచి తనిఖీ అధికారి మధ్యాహ్నం రెండు గంటలకు వచ్చాడు. పేరు లామార్ గిడియన్స్. నలభై దాటిన నల్లజాతి మనిషి, పొడుగరి, నిదానస్తుడు. కారు దిగి, సూట్‌కేసు మీద కూర్చున్న ముసలావిడను, ఆమెకు కాపలాగా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ మరో ముసలావిడను చూడగానే, ఏం జరిగిందో సగం అర్థమైనట్టు టోపీ తీసేశాడు.

"అమ్మా, ఈ ఇల్లు మీదేనా?"

"నలభై ఆరేళ్లుగా."

"మరి మా కాగితాల్లో ఇది ఖాళీ ఇల్లు. పక్కదాంట్లో మనుషులున్నారు."

బోజెనాకు ముందు ఆ మాట అర్థం కాలేదు. పక్కది కనారిస్ వాళ్ల ఇల్లు. రెండేళ్ల క్రితం బ్యాంకు దాన్ని స్వాధీనం చేసుకుంది. కనారిస్ కుటుంబం ఒక ఆదివారం పొద్దున్న ట్రక్కు ఎక్కి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆమె ఎదురుచూస్తున్నది ఒక్కదాని కోసమే. బ్యాంకుల చేతిలో పడి ఉన్న ఇళ్లను నగరం కొని, బాగుచేసి, కాపురముండే వాళ్లకు అమ్మే పథకం ఒకటి నడుస్తోంది. ఆ జాబితాలోకి కనారిస్ ఇల్లు ఎక్కాలి. ఎందుకంటే ఆ ఇంటికీ తన ఇంటికీ మధ్య ఉన్నది ఒకే గోడ. రెండిళ్ల దూలాలూ ఆ ఒక్క గోడలోనే గుచ్చుకుని ఉన్నాయి. అది పడితే తనదీ నిలవదు.

గిడియన్స్ అట్టపెట్టెలోంచి రెండు ఫొటోలు తీసి ఆమె ఒడిలో పెట్టాడు.

మొదటిది కనారిస్ ఇల్లు. పాలరాతి మెట్లు మూడూ పాలనురుగులా తెల్లగా ఉన్నాయి. కిటికీకి లేసు తెర, దాని వెనక వెలుగుతున్న దీపం, మెట్టు పక్కన కుండీలో ఎర్రపూలు.

రెండోది తన ఇల్లు. మెట్లు బూడిదరంగులో ఉన్నాయి. మూలన ఆకులు పేరుకున్నాయి. కిటికీ చీకటి.

"మాకు పదహారు వేల ఇళ్లమ్మా. ఒక్కొక్క తలుపూ తట్టలేం. కారులోంచి చూసి రాసుకుంటూ పోతాం. మెట్లు చూస్తే చాలు, ఈ ఊళ్లో మనిషున్నదీ లేనిదీ తెలిసిపోతుంది. మా అమ్మమ్మ కూడా శనివారం శనివారం తోమేది." రెండు కవర్లు కూడా తీశాడు. "అదీగాక ఈ ఇంటికి రెండు ఉత్తరాలు పంపాం. రెండూ తిరిగొచ్చాయి."

ఆ కవర్ల మీద బోజెనా అత్తగారి పేరు ఉంది. ఇంటి పత్రం ఇప్పటికీ ఆవిడ పేరుమీదే ఉంది. పేరు మీద అడ్డంగా కొట్టి, 'చనిపోయారు' అని రాసి ఉంది. అక్షరాలు బోజెనావే. ఉన్నది ఉన్నట్టు రాసింది.

వాండా బోజెనా భుజం తట్టింది. "చెప్పవే, బోజీ. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నేనే," అంది బోజెనా. "పక్కింటి మెట్లు నేను తోముతున్నాను. దీపం నాదే. వైరు నా కిటికీలోంచి వెళ్లింది. సాయంత్రం వెలిగి పదింటికి ఆరేలా గడియారం పెట్టాను. తెర నాదే. పూలకుండీ..."

"కుండీ నాది," అంది వాండా.

"ఖాళీ అని తెలిస్తే రాగి గొట్టాల దొంగలు పడతారు. అందుకని. ఇప్పుడు నా మోకాళ్లు ఒక ఇంటి మెట్లకే సరిపోతాయి. నా ఇంట్లో నేనున్నాను కదా, దానికి వేషమెందుకనుకున్నాను."

గిడియన్స్ కారు దగ్గరికి నడిచాడు. తర్వాత డ్రిల్లు తీసి, ఒక్కొక్క మరా విప్పి, పలకను గోడకు ఆనించాడు. ఎర్రరేకు ఊడదీసి కారు వెనకసీటులో బోర్లా పడేశాడు. పలక వెనక తలుపు కనబడగానే వాండా ముక్కు చీదుకుంది. బోజెనా మాత్రం పక్కింటినే చూస్తోంది.

"దాన్ని కొనే జాబితాలో రాస్తారా?"

"ఖాళీ అని మీరంటే చాలదమ్మా. నేను చూసి రాయాలి."

అతను తాళం తీసే అనుమతి కాగితం వాళ్లకు చూపించి, డ్రిల్లుతో తాళం ఊడదీసి, కనారిస్ తలుపు తెరిచాడు. బోజెనా ఈ రెండేళ్లలో ఆ గడప దాటలేదు. పరాయి ఇంట్లో అడుగు పెట్టడం తప్పని, కిటికీ రెక్క లేపి బయటినుంచే చేయి పెట్టి దీపం అమర్చింది. ముందుగది ఆమె అప్పుడు చూసినట్టే ఉంది. ఖాళీగా, పొడిగా, వెనక గదులకు వెళ్లే తలుపు మూసి ఉంది.

గిడియన్స్ ఆ తలుపు తోశాడు. అది కదల్లేదు. భుజంతో నెట్టాడు.

వెలుతురు వచ్చిపడింది.

వెనకగది ఉండవలసిన చోట ఆకాశం ఉంది. కప్పు మేడగదిని వెంటేసుకుని కిందికి దిగి, వంటగదిని నేలమాళిగలోకి తోసేసింది. విరిగిన దూలాలు గోడలోంచి కుళ్లిన పళ్లలా బయటికి వేలాడుతున్నాయి. ఒక స్నానపు తొట్టె చెత్తలో ఓరగా గుచ్చుకుని ఉంది. దాంట్లో నిండా వాననీళ్లు. వాటిలో పావురం ఒకటి ముక్కు ముంచి, తలెత్తి వాళ్లను చూసి, మళ్లీ తాగింది.

బోజెనా తలుపుచట్రం పట్టుకుంది. ఇటుపక్క లేసు తెర, గడియారం పెట్టిన దీపం. అటుపక్క ఇది. మధ్యలో రెండంగుళాల చెక్క.

మూడు నెలలుగా తన మేడగది గోడకాగితం మీద గోధుమరంగు మచ్చ ఒకటి పెరుగుతోంది. తన ఇంటి వాననీటి గొట్టం కారుతోందని అనుకుంది. పరీక్షించలేదు. ముప్ఫై ఏళ్లు ఇతరుల నమూనాలు పరీక్షించిన మనిషి, తన గోడను పరీక్షించలేదు.

"ఇది ఎప్పుడు జరిగుంటుంది?" అంది.

"కప్పుకు చిల్లు పడి రెండు చలికాలాలై ఉంటుంది. ఇంత కావడం మాత్రం ఈ మధ్యనే."

"మొదట్లోనే ఖాళీగా కనబడి ఉంటే?"

అతను అబద్ధం చెప్పే మనిషి కాదు. కప్పు లేని చోటువైపు తలెత్తి చూశాడు. "టార్పాలిన్ కప్పేవాళ్లం," అన్నాడు.

వాండా వెనక నుంచి తొంగిచూసి, చేతులు నోటికి అడ్డం పెట్టుకుంది. "వద్దు, బోజీ. అట్లా చూడకు. దొంగల కోసం కదే చేశావు."

"దొంగలు రాలేదు," అంది బోజెనా. "వాళ్లొచ్చి ఉంటే ఎవరైనా లోపలికి చూసేవాళ్లు."

గిడియన్స్ కాగితం తిప్పాడు. నియమం ఒకటి ఉందన్నాడు. ఉమ్మడి గోడలో దిగిన దూలాల్లో మూడోవంతుకు పైగా కుళ్లితే ఆ ఇల్లు మరమ్మతుకు పనికిరాదు. కూల్చివేత జాబితాలోకి పోతుంది. నేలమాళిగలో పద్నాలుగు దూలాలున్నాయి. నాలుగు వరకూ ఫరవాలేదు. ఐదు అయితే కూల్చడమే.

"స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వండి, బాబూ," అంది బోజెనా.

"అమ్మా, మెట్లు బలహీనంగా..."

"ముందుభాగం బాగానే ఉంది. మీరు టార్చి పట్టుకోండి."

నేలమాళిగలోకి దిగి, వీధి వైపు నుంచి మొదలుపెట్టింది. గోడ దగ్గర ఒక్కొక్క దూలం చివర మొనతో పొడిచి, బరువేసి, చెవి ఒగ్గి విన్నది. గట్టి చెక్క మొనను వెనక్కి తన్నింది. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంతే. పదకొండు నుంచి పద్నాలుగు దాకా మొన తడిసిన రొట్టెలోకి దిగినట్టు పిడిదాకా దిగిపోయింది. నాలుగు.

మధ్యలో మిగిలింది పదోది. దాని పైపొర మెత్తగా ఉంది. మొన అరంగుళం దిగి ఆగింది. ఆమె ఇంకోచోట పొడిచింది. మళ్లీ అరంగుళం దిగి ఆగింది.

గిడియన్స్ కలం కాగితం మీద ఆనించి ఉంచాడు. "మీరెట్లా అంటే అట్లా రాస్తానమ్మా," అన్నాడు మెల్లగా. "బాగుందని రాయనా?"

పైనుంచి వాండా వంగి చూస్తోంది. బాగుందంటే గోడ దక్కుతుంది. ఆ ఒక్క మాట చాలు. తన ఇల్లు తనకుంటుంది.

బోజెనా మొనకు అంటిన నల్లటి పొట్టును వేళ్ల మధ్య నలిపి చూసింది.

"నాకు తెలీదు. తెలీదనే రాయండి."

"అట్లా రాస్తే ఇంజనీరు స్వయంగా రావలసి ఉంటుంది. ఆయన మాటే చివరి మాట."

"రానివ్వండి. ఈసారి కారులోంచి కాకుండా చూస్తాడు."

ఆ సాయంత్రం ఆమె దీపం తీసేసింది. వైరు చుట్టింది. తెర విప్పింది. శనివారం బకెట్టు, గరుకురాయి, తోమే పొడి పట్టుకుని బయటికి వచ్చి తన మెట్ల ముందు మోకరిల్లింది. మూడు మెట్లకు గంటన్నర పట్టింది. లేచేటప్పుడు చేయి అలవాటుగా పక్క మెట్టు వైపు పోయింది. అప్పటికే దానిమీద ఎవరిదో బూటు బురద ముద్ర ఉంది. తడిగుడ్డ చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత గుడ్డ బకెట్టులో వేసి లోపలికి వెళ్లబోయింది.

"రోగం గాని వచ్చిందా నీకు?" అని ఎదురింటి నుంచి వాండా కేకేసింది. "ఆ మెట్టు కంటికెట్లా ఉందో చూశావా?"

"చూశాను," అంది బోజెనా. "అందరూ చూడనీ."

సోమవారం ఇంజనీరు వచ్చాడు. గిడియన్స్ టార్చి పట్టుకున్నాడు. ఇంజనీరు పదో దూలంలోకి చిల్లులు వేసే సన్నని బరమా తిప్పుకుంటూ దింపాడు. మొదట నల్లటి తడిపొట్టు రాలింది. బోజెనా అరచేయి కింద పట్టింది. నల్లటి పొట్టు, మళ్లీ నల్లటి పొట్టు. ఆమె కళ్లు మూసుకోలేదు. మూసుకోవాలని మాత్రం అనిపించింది. బరమా కిర్రుమంది. అరచేతిలోకి పసుపుపచ్చని పొట్టు, పొడిగా, దేవదారు వాసనతో, చుట్టలు చుట్టలుగా రాలడం మొదలుపెట్టింది.

ఇంజనీరు బరమా బయటికి లాగి, కాగితం మీద ఒక గుర్తు పెట్టి, గిడియన్స్‌తో, "కొనండి. ఇవాళే టార్పాలిన్ వేయించండి," అన్నాడు.

బోజెనా మెట్లెక్కి ముందుగదిలోకి వచ్చింది. గుప్పిట మూసి, ఆ పొట్టు రాలిపోకుండా పట్టుకుని, తెర లేని కిటికీ దాకా వచ్చి నిలబడింది. వీధిలో పోయే ఒక మనిషి ఆగి, ఆ కిటికీలోంచి లోపలికి, తెరిచిన తలుపులోంచి అవతలికి చూసి, అక్కడ ఆకాశం కనబడగానే చేతిలోని సంచీ జారవిడిచాడు.