పొట్ట మీద నల్లచుక్క

సంచీ పెట్టే ఉద్దేశమే లేకపోతే ఈ చుక్క ఎందుకు పెట్టినట్టు, అనుకుంటూ హాల్వార్ ఆస్పత్రి చొక్కా ఎత్తి మళ్ళీ చూసుకున్నాడు, బొడ్డుకు కుడివైపున, చెరగని నల్ల సిరాతో, శనగగింజంత, పొద్దున్నే నర్సు టూరిడ్ వచ్చి కూర్చోండి, వంగండి, బెల్టు ఎక్కడ కట్టుకుంటారో చూపించండి అని దర్జీలా కొలతలు తీసింది, ముందుజాగ్రత్త లెండి, అంతే, అంది, అంతే అన్నారంటే వెనకాల ఇంకేదో ఉన్నట్టే, పదకొండేళ్ళుగా పేగును పుండు చేసి, పుండు మానిన చోటల్లా ఇరుకు చేస్తున్న ఈ క్రోన్స్ జబ్బు అతనికి నేర్పింది అదే, సర్జన్ ఇంగున్ మాత్రం కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పింది, ఇరుకైన చోట నిలువుగా కోసి అడ్డంగా కుడతాను, దారి వెడల్పవుతుంది, పేగు పోదు, మరీ పాడైన ముక్క ఉంటే తీసేసి కొసలు కలుపుతాను, అతుకు నిలవదనిపిస్తే కొన్నాళ్ళు పేగు కొసను ఆ చుక్క దగ్గర బయటికి తెచ్చి మలానికి సంచీ, ఆ మూడోమాట దగ్గర ఆమె అతని వైపు కాక పక్కనున్న అతని భార్య గున్వోర్ వైపు చూసింది, ఎందుకు చూసింది, అడిగితే గున్వోర్, నీకన్నీ అనుమానాలే, ఉత్త రొట్టెలో కూడా చేపముల్లు వెతుకుతావు, అంది, మరి నిన్న కాఫీ మిషను దగ్గర ఇద్దరూ తలలు ఆనించి గుసగుసలాడిందేమిటి, ఇరవయ్యేళ్ళు ఫెర్రీ పడవలోకి కార్లెక్కించినవాడికి మొహం చూస్తే తెలీదా, ఇదిగో చక్రాల మంచం కదిలింది, మీ పేరు చెప్పండి అని నాలుగోసారి అడుగుతున్నారు, ఎవరి పొట్ట కోయబోతున్నారో వీళ్ళకే తెలియదేమో, మాస్కులోంచి రబ్బరు వాసన, పది, తొమ్మిది,

మెలకువ వస్తూనే చెయ్యి దుప్పటి కిందికి దానంతటదే పోయింది, వెచ్చగా, మెత్తగా, ప్లాస్టిక్ చప్పుడు, అనుకున్నంతా అయింది, ముందే కూడబలుక్కున్నారు, ఇంగున్ మంచం అంచున కూర్చుని, రెండుచోట్ల వెడల్పు చేశాను, జానెడు ముక్క తీసేశాను, కొసలు ఇవాళే కలిపేదాన్ని, కానీ సిగరెట్లు తాగే ఒంట్లో ఆ అతుకు ఊడితే ప్రాణం మీదికొస్తుంది, మానెయ్యండి, మూణ్ణెల్లకు కలుపుతాను, అంటోంది, సిగరెట్లని ఎవరు చెప్పారు, నేనే చెప్పాను, అంది గున్వోర్, ఫెర్రీ పొగగొట్టం చాటున కాల్చి పుదీనా బిళ్ళ చప్పరిస్తే నాకు తెలీదనుకున్నావా, తిట్టు, పడతాను, నువ్వు చస్తే ఎవరు తిడతారు నన్ను, ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అతను తిట్టడానికి మాట వెతికాడు, జాగ్రత్తకే అన్న నర్సు జాగ్రత్తకే పెట్టింది, మూడు దారులు చెప్పిన డాక్టరు ఆ మూడింట్లోనే నడిచింది, ఆస్పత్రిలో చేరేటప్పుడు నింపిన కాగితంలో పొగ తాగుతారా అన్న ప్రశ్నకు మానేసి ఆరేళ్ళు అని ఒక జవాబుంది, అన్ని కాగితాల్లోనూ అబద్ధం అదొక్కటే, అది తన చేతిరాత.