అమ్మ పంపిన మంట

మా నాన్నది లాండ్రీ, అమ్మ ఉద్యోగం మురుగునీటి ప్లాంటులో. ఊరి మురికినంతా మొగుడూ పెళ్లాలిద్దరూ చెరిసగం పంచుకున్నారని మా పెద్దత్త ఎగతాళి చేసేది.

లాండ్రీ కింద, మేము పైన ఉండేవాళ్లం. చిన్నతనం తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది అరికాళ్లకు తగిలే వెచ్చదనం. కింద బాయిలర్ వెలిగిందంటే మా గది గచ్చంతా గోరువెచ్చగా అయ్యేది. చలికాలం పొద్దున్నే నేనూ తమ్ముడూ చెప్పులు విప్పేసి దాని మీద నిలబడి పళ్లు తోముకునేవాళ్లం. కింద ఇస్త్రీ రోలర్ల మధ్య నుంచి ఆసుపత్రి దుప్పట్లు అప్పడంలా చదునై బయటికొస్తుంటే, ఆ వేడి బట్టల వాసన మెట్లెక్కి మా మంచాల దాకా వచ్చేది.

అమ్మ సాయంత్రం వెనక మెట్ల మీదుగా వచ్చేది. స్నానం చేసేదాకా మమ్మల్ని దగ్గరికి రానిచ్చేది కాదు. "ఆగండాగండి, ఊరంతా నా ఒంటి మీదే ఉంది" అనేది. నాన్న కింద నుంచి "సబ్బు సరిపోతుందా, ఇంకో పెట్టె పంపించనా?" అని కేకేసేవాడు. అమ్మ నవ్వి ఊరుకునేది. పెళ్లై అన్నేళ్లయినా నాన్న ఒక్కసారి కూడా ఆవిడ పనిచేసే చోటికి వెళ్లి చూడలేదు.

మా ప్రాంతంలో గ్యాస్ పుట్టదు. ఎక్కడో సరిహద్దుల అవతలి బావుల్లోంచి గొట్టాల్లో వచ్చేది. ఆ సంగతి ఎవరికీ పట్టేది కాదు. మీట తిప్పితే మంట వచ్చేది, అంతే. నాకు పదేళ్లప్పుడు, చలికాలం మొదట్లో, గ్యాస్ అమ్మేవాళ్లకూ దారిలో గొట్టం ఉన్నవాళ్లకూ ఏదో పేచీ వచ్చింది. వాళ్లూ వాళ్లూ కొట్టుకుంటే మా పొయ్యి ఆరిపోయింది. ఇళ్లకు ఏదో కాస్త వదిలారు గానీ కొట్లకూ కర్మాగారాలకూ పూర్తిగా ఆపేశారు. మా బాయిలర్ మీటరు ముల్లు కిందికి కిందికి జారి ఒకనాడు సున్నా దగ్గర చతికిలపడింది.

నాన్నా, ఆయన దగ్గర పనిచేసే ఇద్దరు ఆడవాళ్లూ చన్నీళ్లలోనే దుప్పట్లు ఉతికారు. అవి ఓ పట్టాన ఆరక లాండ్రీ నిండా వేలాడుతుండేవి. నాన్న వేళ్లు పగిలిపోయాయి. ఓ రోజు భోజనాలయ్యాక ఆ వేళ్లకు మందు రాస్తూ అమ్మ అంది:

"ఊరంతా గ్యాసో గ్యాసో అని ఏడుస్తోంది. మేమేమో అక్కడ ఉత్తపుణ్యానికి తగలబెడుతున్నాం."

మురుగులోంచి దిగిన మడ్డిని ప్లాంటులో గాలి చొరని పెద్ద ట్యాంకుల్లో మగ్గబెడతారు. అది మగ్గుతుంటే గ్యాస్ పుడుతుంది. అడిగే నాథుడు లేక దాన్ని ఓ ఎత్తయిన గొట్టం చివర వెలిగించి వదిలేసేవారు.

"కాలవ గట్టు వెంట గొట్టం వేస్తే ముందు తగిలేది మన కొట్టే. మా పెద్దసారు సరేనంటున్నాడు. కాకపోతే వాడుకుంటామని ఎవరో ఒకరు ముందుకు రావాలట."

నాన్న చెయ్యి లాగేసుకున్నాడు. "ఆసుపత్రి దుప్పట్లు దొడ్డిగ్యాస్‌తో ఉతికానని తెలిస్తే ఒక్కడన్నా నా గడప తొక్కుతాడా? నీకేం, నీ జీతం నీకొస్తుంది."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అమ్మ మందు డబ్బా మూత పెట్టేసి లేచి వెళ్లిపోయింది.

అప్పట్నుంచి వాళ్లిద్దరి మాటలూ మా మీదుగా నడిచాయి. "మీ నాన్నని భోజనానికి రమ్మను." "ఆకలి లేదని చెప్పు మీ అమ్మకి." పక్కపక్క గదుల్లో కూర్చుని, ఒకరి మాట ఒకరికి వినబడుతూనే ఉన్నా, మమ్మల్ని తిప్పేవారు. చివరికి తమ్ముడు గుమ్మంలో కూలబడి "నా కాళ్లు పడిపోయాయి, ఇక మీరే మాట్లాడుకోండి" అన్నాడు.

అప్పుడు మాతోనే ఉండే నాయనమ్మ కల్పించుకుంది. చలికి ఒళ్లంతా బిగుసుకుపోయి, ఆవిడ అసలే చిరాకుగా ఉంది.

"ఏరా, నీ కొట్టుకొచ్చేవి పూలదండలా? చంటిపిల్లల పక్కబట్టలూ, రోగుల దుప్పట్లూ. ఊళ్లోవాళ్ల అసహ్యం కడిగే కదరా మనం ఇన్నాళ్లూ తింటున్నాం? నీ పెళ్లాం చేసేదీ అదే. నువ్వు తొట్టిలో చేస్తున్నావు, అది చెరువంత ట్యాంకులో చేస్తోంది. ఎందుకురా ఈ బడాయి?"

నాన్న మర్నాడు కోటు తగిలించుకుని, నా చెయ్యి పట్టుకుని కాలవ గట్టు వెంట నడవడం మొదలుపెట్టాడు. ఎక్కడికని అడిగితే "మీ అమ్మ దగ్గరికి" అన్నాడు.

మేం వెళ్లేసరికి అమ్మ ట్యాంకు మీద ఉంది. మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు, తలకు గట్టిగా బిగించిన గుడ్డ. కింద ఇద్దరు మగవాళ్లు ఆవిడ చెప్పినట్టు ఓ ఇనుప చక్రం తిప్పుతున్నారు. "చాలు! ఇంక ఆపండి!" అని పైనుంచి కేకేసింది. అమ్మకు అంత గొంతు ఉందని నాకు తెలియదు. నాన్నకూ తెలియదనుకుంటాను, గేటు దగ్గరే నిలబడిపోయాడు.

అమ్మ నిచ్చెన దిగి వచ్చింది. ఎందుకొచ్చారని అడగలేదు. తుప్పుపట్టిన ఇనుప రజను నింపిన డ్రమ్ములు చూపించి, గ్యాస్‌ని వీటిలోంచి పంపితే కంపు ఇక్కడే చిక్కుకుపోతుందని చెప్పింది. తరవాత చిన్న బర్నర్ వెలిగించింది. నీలం మంట. నాన్న దాని మీదికి వంగి ముక్కు ఎగబీల్చాడు.

"ఏం వాసనా రావట్లేదే!"

"మీసాలు కాలిన వాసన వస్తుంది, వెనక్కి జరగండి."

నాన్న పకపకా నవ్వాడు. నవ్వి నవ్వి, ఆవిడ బూట్ల వంక చూస్తూ "ఇంత పని చేస్తావని నాకు తెలీదు" అన్నాడు.

"మీరెప్పుడూ అడగలేదుగా."

"అవును, అడగలేదు. ఆ గొట్టం మన కొట్టుకే వేయమని చెప్పు మీ పెద్దసారుకి."

వేశారు. మొదటి రోజు మంట అంటుకున్నట్టే అంటుకుని ఆరిపోయింది. ఈ గ్యాస్‌లో సత్తువ కాస్త తక్కువట. బాయిలర్ మెకానిక్కు వచ్చి బర్నర్ రంధ్రాలు పెద్దవి చేశాక నిలబడింది. నేనూ తమ్ముడూ పైకి పరిగెత్తి, బోర్లా పడుకుని గచ్చుకి చెంపలు ఆనించాం. వేడి మెల్లగా ఎక్కింది. నాయనమ్మ కూడా కుర్చీ లాక్కుని మా పక్కన చేరింది.

వీధిలో మాత్రం మాది కంపు లాండ్రీ అయిపోయింది. హోటళ్ల వాళ్లు బట్టలు పంపడం మానేశారు. ఆసుపత్రి మిగిలింది. అదీ పోతే కొట్టు మూసుకోవడమే. ఓ మధ్యాహ్నం అక్కడి పెద్ద నర్సమ్మ చెప్పాపెట్టకుండా వచ్చింది. నవ్వితే జరిమానా అన్నట్టుండే మనిషి. రోలర్ల నుంచి అప్పుడే వచ్చిన దుప్పటి తీసుకుని ముఖానికి ఆనించుకుంది.

నాన్న ఉండబట్టలేక "అమ్మా, ఈ గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తోందో మీకు తెలుసో లేదో..." అన్నాడు.

"నేను నర్సునండీ. అసహ్యం గురించి నాకు చెబుతారా?" అందావిడ. "ఇన్నాళ్లూ సగం ఆరిన దుప్పట్ల మీద పడుకోబెట్టాను నా రోగుల్ని. ఇది వెచ్చగా ఉంది. మిగతావి ఎప్పుడిస్తారు?"

ఆవిడ మాట ఊళ్లో పనిచేసింది. ముందు రొట్టెల బట్టీవాడు, తరవాత బడివాళ్లు గొట్టం అడిగారు. పాల కర్మాగారం కడుగునీళ్లూ, కూరల మార్కెట్టు కుళ్లూ కూడా ఇంకాస్త గ్యాస్ కోసం ట్యాంకులకే చేరాయి. చుట్టుపక్కల ఊళ్లు మమ్మల్ని చూసి ట్యాంకులు కట్టుకున్నాయి. ఎండాకాలానికి పేచీ తీరి దూరదేశం గ్యాస్ మళ్లీ వచ్చింది. అది లేకుండానే గడుస్తుందని కాదు గానీ, మునుపటంత కొనాల్సిన అవసరం మా ప్రాంతానికి మళ్లీ రాలేదు. ఏటికేడాదీ తగ్గించుకుంటూ వచ్చారు. ఆ కంపెనీ మనిషి మా కొట్టుకొచ్చి పాత కనెక్షన్ మళ్లీ తీసుకోమంటే, నాన్న టీ ఇచ్చి, కబుర్లు చెప్పి, సాగనంపాడు.

ఆ రోజుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది నాన్న ఫోను. పొద్దున బాయిలర్ వెలిగించగానే ప్లాంటుకి ఫోన్ చేసేవాడు.

"ఏమోయ్, మంట పంపించావా?"

"పంపించానండీ. అందిందా?"

"అందింది. భేషుగ్గా ఉంది."

అంతే, పెట్టేసేవాడు. ఇంట్లో పోట్లాడుకున్న రోజున కూడా ఆ ఫోను మానలేదు. అమ్మ జుట్టు నెరిసేదాకా అది అలాగే సాగింది.

అమ్మ రిటైరైన మర్నాడు పొద్దున నేను కొట్టులోనే ఉన్నాను. నాన్న అలవాటు కొద్దీ నంబరు తిప్పి, "ఏమోయ్, మంట పంపించావా?" అన్నాడు. అవతల ఎవరో కుర్రగొంతు "ఎవరు కావాలండీ?" అంది. నాన్న గబుక్కున ఫోన్ పెట్టేశాడు. కాసేపు బాయిలర్ వంక చూస్తూ నిలబడి, చేతులు తుడుచుకుని పైకి వెళ్లాడు. వెనకే నేనూ మెట్లెక్కాను. అమ్మ ఇంకా దుప్పటి ముసుగులోనే ఉంది. ఎన్నేళ్లకో దొరికిన నిద్ర అది.

"ఎవరికండీ ఫోను?" అంది కళ్లు తెరవకుండానే.

"ఎవరికీ కాదులే. రాంగ్ నంబరు," అని నాన్న ఆవిడ పక్కన మంచం అంచు మీద కూర్చున్నాడు.